నడిబొడ్డు హోటళ్లు, శివారు హోటళ్లు: ఏళ్ల తరబడి తిన్నాక తేలిన లెక్క

తీర్పు ముందే చెప్పేస్తాను. నగరం నడిబొడ్డులో తినాలంటే వీధిని చూసుకోవాలి. శివారులో తినాలంటే రోజును, వేళను చూసుకోవాలి. రెండు చోట్లా ఏళ్ల తరబడి తిని, బిల్లులు కట్టి, కొన్ని హోటళ్లు ఎదగడం, కొన్ని దిగజారడం చూశాక నాకు మిగిలిన మాట ఇదే. సిటీలోనే అసలు రుచి అనేవాళ్లూ, ఊరి బయటే చవగ్గా నాణ్యంగా దొరుకుతుందనేవాళ్లూ సగం నిజమే చెబుతున్నారు. మిగతా సగాన్ని అద్దె, గిరాకీ, సరుకు దిగే రోజు, వంట మాస్టర్ సెలవు పెట్టే రోజు తేలుస్తాయి.

అద్దెతో మొదలుపెడదాం. ప్లేటులో కనబడే సంగతులు చాలావరకు అక్కడే పుడతాయి. హోటల్ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. బిల్లు వంద అనుకుంటే 28 నుంచి 35 దాకా వంట సరుకుకు, దాదాపు అంతే జీతాలకు, 6 నుంచి 10 దాకా అద్దెకు పోవాలి. నడిబొడ్డులో అద్దె ఆ 10 దగ్గర ఆగడం కష్టం. అది దాటితే యజమాని ధర పెంచాలి, లేదా సరుకులో కోత పెట్టాలి, లేదా అదే కుర్చీని రోజులో ఎక్కువసార్లు అమ్ముకోవాలి. తెలివైన హోటలు మూడో దారి పడుతుంది. 40 కుర్చీలున్న చోట ఒక్కొక్కరు గంటన్నర కూర్చుంటే మూడు గంటల రద్దీలో 80 మందికే పెట్టగలరు. ముప్పావు గంటలో లేస్తే 160 మందికి పెట్టగలరు. అందుకే అక్కడ కుర్చీలు గట్టిగా ఉంటాయి, బల్లలు ఒకదాన్నొకటి రాసుకుంటుంటాయి, చేయి కడుక్కుని వచ్చేసరికి బిల్లు బల్ల మీద ఉంటుంది. తిండి బాగుంది కానీ కుదురుగా కూర్చోనివ్వలేదని విసుక్కుంటాం గానీ, ఆ తిండి ఆ ధరకు రావడానికి కారణాల్లో ఆ గట్టి కుర్చీ కూడా ఒకటి.

ఇదే అద్దె వల్ల అనుకోని మేలు ఒకటి జరుగుతుంది. చోటు ఖరీదైనప్పుడు వంటింటిని కుదిస్తారు, స్టోర్ రూమును ఇంకా కుదిస్తారు. సరుకు దాచుకునే చోటు లేకపోతే రోజూ తెప్పించుకోక తప్పదు. పొద్దున దిగిన ఆకుకూర రాత్రికి అయిపోతుంది, మర్నాడు కొత్తది వస్తుంది. శివారులో చోటుకు కొదవ లేదు కాబట్టి పెద్ద డీప్ ఫ్రీజర్లు పెట్టుకుంటారు, సరుకు బండి వారానికి రెండు మూడుసార్లు వస్తే సరిపోతుంది. ఫ్రీజర్ దానంతట అది దోషం కాదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచి, ముందు రాత్రే కింది ఫ్రిజ్‌లోకి మార్చి నిదానంగా కరిగిస్తే చాలా రకాల మాంసాల్లో తినేవాడికి తేడా పెద్దగా తెలియదు. ఆర్డర్ వచ్చాక గోరువెచ్చని నీళ్లలో పడేసి కరిగిస్తేనే చిక్కు. అలా కరిగిన చేప నీరు వదులుతుంది, పెనం మీద వేగాల్సింది ఉడుకుతుంది, ప్లేటు అడుగున పలచటి తెల్లనీరు చేరుతుంది. అంచులు పీచులా, మధ్యభాగం మెత్తటి ముద్దలా ఉంటే వంటవాడి చెయ్యి బాగాలేదనుకోకండి. కరిగించేందుకు టైము చాల్లేదని అర్థం.

ఇక వారం సంగతి. శివారు హోటల్‌కు ఇదే అసలు పరీక్ష.

నడిబొడ్డులో ఆఫీసులు, దుకాణాలు, ప్రయాణికులు ఉంటారు కాబట్టి గిరాకీ వారమంతా కాస్త సమంగా పారుతుంది. ఆఫీసులు ఎక్కువగా ఉన్న వీధుల్లో మధ్యాహ్నం కిక్కిరిసి, సెలవు రోజున ఈగలు తోలుకుంటుంటారు. శివారులో దీనికి పూర్తిగా తలకిందులు: వారాంతంలో నిలబడటానికి చోటుండదు, వారం మొదట్లో హాలు సగం కూడా నిండదు. యజమాని శుక్రవారం లెక్కగట్టి సరుకు దించుకుంటాడు. ఆదివారం రాత్రికి మిగిలినదాన్ని సోమ, మంగళవారాల్లో ఎలా తేల్చాలన్నదే అతని సమస్య. ఇందులో మోసమేమీ లేదు. సరుకు పారేస్తే నష్టం, వాడితే పాతది. సోమవారం ‘ఈరోజు స్పెషల్’ బోర్డు మీద చేప గానీ, అన్ని కూరగాయలూ కలిపిన వంటకం గానీ, వేపుడు కలిపిన అన్నం గానీ కనిపిస్తే అది వారాంతం మిగులుకు దారి చూపడమేనని నేననుకుంటాను. ప్రతిసారీ నిజం కాకపోవచ్చు, కానీ సోమవారం రోజున ఉన్నపళంగా వేయించి ఇచ్చే మామూలు వంటకం అడగడమే క్షేమం.

అలాగని వారాంతం మంచిదా అంటే అదీ కాదు. సరుకు తాజాగా ఉంటుంది, వంటింటికి ఊపిరాడదు. మంగళవారం 30 మందికి వండే ఇద్దరు మనుషులు, అవే పొయ్యిలు, శనివారం రాత్రి ఎనిమిదింటికి 120 మందికి వండాలి. మొదట దెబ్బ తినేది నూనె మూకుడు. వేపుడుకు నూనె 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్క వాయికి వేయాల్సిన దానికి రెట్టింపు వేస్తే వేడి 150 కంటే కిందికి జారుతుంది. పై పొర గట్టిపడటానికి ఎక్కువసేపు పడుతుంది, ఈలోగా ముక్క నూనె పీలుస్తుంది. పేపరు మీద పెడితే నూనె మరక పరుచుకునే వేపుడు ఇలాగే పుడుతుంది. రద్దీ తట్టుకోవడానికి ముందే సగం వేయించి పక్కన పెట్టుకుని, ఆర్డర్ వచ్చాక రెండోసారి వేయించే పద్ధతి కూడా ఉంది. సరిగ్గా చేస్తే కరకరలాడుతుంది. మొదటిసారి వేయించాక గంటలకొద్దీ బయట వదిలేస్తే మాత్రం పైన గట్టిగా, లోపల ఎండి తోలులా వస్తుంది.

నూనె పాతదో కాదో కనిపెట్టడానికి వంటింట్లోకి తొంగి చూడక్కర్లేదు. బాగా వాడిన నూనె ముదురు రంగు పట్టడమే కాక తక్కువ వేడికే పొగలు కక్కుతుంది, నురుగు కట్టి ఆ నురుగు త్వరగా దిగదు. ప్లేటులోకి వచ్చాక దాని ఆనవాళ్లు మూడు: నాలుక మీద జిడ్డు పొర, గొంతులో చిన్న గీర, చేపలు వేయించకపోయినా చేప వాసన. కొన్ని దేశాల్లో వేపుడు నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగి చెడితే పుట్టేవి) సుమారు 25 శాతం దాటితే పారబోయాలని నియమం ఉంది. దాన్ని కొలిచే పరికరం అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది వాడే హోటలు నడిబొడ్డులోనైనా అరుదే, శివారులో మరీ అరుదు. కాబట్టి హాల్లోకి అడుగు పెట్టగానే నూనె కమురు మొహాన కొడితే ఆ పూట వేపుళ్లు మానేసి ఉడికించినవి తినండి.

అన్నం విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. వండిన అన్నం 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే అన్నం వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన ఉంచాలి, చల్లార్చాలంటే పలుచగా పరిచి త్వరగా ఫ్రిజ్‌లోకి పంపాలి. పెద్ద గిన్నెలో నిండుగా ఉన్న అన్నం మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టినా మధ్యభాగం గంటల దాకా వెచ్చగానే ఉంటుంది. గిరాకీ తక్కువ ఉన్న పూట, గిరాకీ తక్కువ ఉన్న హోటల్లో, వేయించిన అన్నం తినాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు: వద్దు. గిన్నెలు గంటకోసారి ఖాళీ అయ్యే చోట భయం లేదు.

మెనూ పొడుగు మీద కూడా ఊరి దూరం ప్రభావం ఉంది. ఒకే తరహా వంట మీద బతకాలంటే ఆ వంట కావాలనుకునేవాళ్లు చాలామంది చుట్టుపక్కల తిరగాలి. నడిబొడ్డులో అలా తిరుగుతారు కనుక పది పదిహేను వంటకాల హోటలు కూడా నిలబడుతుంది. శివారులో అదే కుటుంబం తాతగారితో, పిల్లలతో, అతిథులతో వస్తుంది. అందరికీ ఏదో ఒకటి ఉండాలి, మెనూ నూట యాభై వంటకాలకు పాకుతుంది. అన్ని వంటకాలకు విడివిడిగా వండటం ఏ వంటింటికీ సాధ్యం కాదు. నాలుగైదు రకాల మూల గ్రేవీలు పొద్దునే కాచి పెట్టుకుని, మీరు అడిగిన ముక్క అందులో వేసి, పైన ఒకటి రెండు మార్పులు చేసి ఇస్తారు. పరీక్ష సులభం: వేరువేరు పేర్లున్న రెండు గ్రేవీలు తెప్పించండి. రంగు వేరుగా ఉండి అడుగు రుచి ఒకటే అయితే సంగతి అర్థమైనట్టే. అలాంటి చోట మెనూ మొదటి పేజీని, చివరి పేజీని వదిలేసి, పక్క బల్లల మీద ఎక్కువగా కనబడే వంటకం ఏదో చూసి అదే అడగాలి. సిగ్గుపడే పని కాదు.

శివారుకు ఒక బలం ఉంది, దీన్ని తక్కువ అంచనా వేయకూడదు. ఒక ప్రాంతం నుంచి, ఒక భాష నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎక్కువగా నగరం అంచుల్లోనే ఇల్లు చూసుకుంటారు, అద్దె తక్కువ కాబట్టి. వాళ్ల కోసం వాళ్లలో ఒకరు తెరిచిన హోటల్లో వంట ఎవరికోసమూ మెత్తబడదు. కారం తగ్గించరు, పులుపు తగ్గించరు, తీపి కలపరు. అదే వంట నడిబొడ్డుకు చేరేసరికి కొత్తవాళ్లకు నచ్చాలి కాబట్టి మసాలా సగమవుతుంది, ప్లేటు పెద్దదవుతుంది, ధర రెండింతలవుతుంది. గోడలు వెలిసిపోయి ఉండవచ్చు, మెనూలో అక్షరదోషాలు ఉండవచ్చు. తినేవాళ్లు ఆ వంట తిని పెరిగినవాళ్లే అయితే లోపలికి వెళ్లండి. నేను శివారు దాకా పనిగట్టుకుని వెళ్లేది ఇలాంటి వాటి కోసమే.

నడిబొడ్డులో చెడ్డ తిండి దొరికే చోట్లకు కూడా ఒక పోలిక ఉంది: తిన్నవాడు మళ్లీ రాని చోటు. పెద్ద స్టేషన్ ఎదుట, చూడదగ్గ కట్టడం పక్కన, యాత్రికులు దిగే కూడలిలో ఉన్న హోటల్‌కు ఈ పూట కస్టమరు రేపు వేరే ఊళ్లో ఉంటాడు. అతన్ని మెప్పించాల్సిన అవసరం లేదు, లోపలికి రప్పిస్తే చాలు. గుమ్మం దగ్గర మనిషి నిలబడి పిలుస్తున్నాడా, మెనూలో ప్రతి వంటకానికీ రంగు ఫొటో ఉందా, నాలుగు దేశాల వంటలు ఒకే చోట దొరుకుతాయా, వెనక్కి తిరగండి. రెండు సందులు లోపలికి నడిస్తే ఆ చుట్టుపక్కల పనిచేసేవాళ్లు మధ్యాహ్నం తినే హోటలు ఉంటుంది. ఒకే వీధి ముందు భాగంలో, వెనుక సందులో నాణ్యత ఇంతగా మారుతుంది కాబట్టే నడిబొడ్డులో వీధిని చూడాలన్నాను.

దూరం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్‌ను 1900లో మొదలుపెట్టింది టైర్ల కంపెనీ. నక్షత్రాలు 1926లో వచ్చాయి. రెండు నక్షత్రాలకు అర్థం దారి మళ్లించుకుని వెళ్లదగ్గదని, మూడుకు అర్థం ప్రత్యేకంగా ప్రయాణం కట్టదగ్గదని. జనం బండ్లు తీసి దూరాలు తిరిగితే టైర్లు అరుగుతాయన్న వ్యాపారం సంగతి పక్కన పెడితే, కొలబద్ద మాత్రం నాకు బాగా నచ్చింది. శివారు హోటల్ని కొలవాల్సింది కూడా ఇలాగే: దారిలో ఉంటే ఆగేదా, దారి మళ్లించుకునేదా, దానికోసమే బయల్దేరేదా.

పేరున్న నగర హోటల్ శివారులో తెరిచే బ్రాంచి ప్రత్యేకమైన కథ. తెరిచిన మొదటి రెండు మూడు నెలలు పాత హోటలు నుంచి పెద్ద మాస్టర్లను పంపుతారు. పేరు కుదురుకున్నాక వాళ్లను వెనక్కి పిలిచేస్తారు. మొదటి నెలలో పొగిడినవాళ్లు ఆరో నెలలో తిట్టుకునేది అందుకే. గ్రేవీలు, మసాలా పొడులు అన్ని బ్రాంచీలకూ ఒకేచోట వండే సెంట్రల్ కిచెన్ నుంచి వస్తే రుచిలో తేడా తగ్గుతుంది, నీళ్లు మాత్రం అక్కడివే. నీటిలో కాల్షియం ఎక్కువుంటే పప్పుధాన్యాలు మెత్తగా ఉడకవు, టీ మీద తెట్టు కట్టి రంగు మసకబారుతుంది, కాఫీ రుచి చప్పబడుతుంది. అక్కడ అంత బాగుండే పప్పు ఇక్కడ పలుకుగా ఎందుకుందని అడిగితే సర్వర్ దగ్గర జవాబుండదు. చాలాసార్లు జవాబు బోరు నీళ్లలో ఉంటుంది. నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టుకున్న బ్రాంచికి ఈ బాధ లేదు.

హాలు ఖాళీగా ఉన్నా మీ ఆర్డర్ నలభై నిమిషాలు పట్టిందంటే గుమ్మం వైపు చూడండి. శివారు హోటళ్లకు వారం మధ్యలో బువ్వ పెట్టేది పార్సిల్ గిరాకీ. యాప్‌లో వచ్చిన ఆర్డర్లు, హాల్లో ఇచ్చిన ఆర్డర్లు ఒకే ప్రింటర్ మీద వరసగా పడతాయి. కొన్ని చోట్ల యాప్ ఆర్డరు ఆలస్యమైతే రేటింగ్ దెబ్బతింటుందన్న భయంతో దానికే ముందు పెడతారు. బయట డెలివరీ కుర్రాళ్లు ఐదారుగురు నిలబడి ఉంటే కనీసం పావుగంట అదనంగా లెక్కేసుకోండి. పార్సిల్ తెప్పించుకునేవాళ్లకు ఒక మాట: వేపుడు మూతపెట్టిన డబ్బాలో తన ఆవిరికే మెత్తబడుతుంది, పది పదిహేను నిమిషాలు చాలు. మూతకు రంధ్రాలున్న డబ్బా వాడే హోటలు, గ్రేవీని విడిగా కట్టే హోటలు ఈ సంగతి తెలిసిన హోటలు.

రాత్రి వేళ కూడా రెండు చోట్లా ఒకటి కాదు. శివారులో పనివాళ్లు ఆఖరి బస్సుకో రైలుకో పరుగెత్తాలి. ‘లాస్ట్ ఆర్డర్ పదిన్నర’ అని బోర్డు ఉంటే పది దాటాక పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి, పెనం తోమడం మొదలవుతుంది. అప్పుడు వచ్చే తిండి ఎక్కువగా ముందు వండినదాన్ని వెచ్చబెట్టిందే: అంచులు కాలుతూ, మధ్యలో గోరువెచ్చగా. ఆఖరి ఆర్డర్‌కు గంట ముందే కూర్చోండి. నడిబొడ్డులో రెండో షిఫ్టు ఉన్న హోటళ్లలో ఈ తొందర ఉండదు.

సద్దు గురించి క్లుప్తంగా. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెళ్లు. చుట్టూ చప్పుడు 80 చేరితే గొంతు పెంచక తప్పదు. గాజు, రాయి, కాంక్రీటు పైకప్పు ఉన్న కొత్త తరహా సిటీ హోటళ్లు ఈ విషయంలో నరకం. పెద్దవాళ్లను తీసుకెళ్తే గోడ మూల బల్ల అడగండి, లేదా శివారుకే వెళ్లండి. టీవీ తగ్గించమంటే అక్కడ మాట వింటారు.

రేటింగ్‌లను ఎలా చదవాలన్నది కూడా చోటును బట్టి మారుతుంది. శివారు హోటల్‌కు నాలుగున్నర వచ్చిందంటే అందులో చాలావరకు ఆ కాలనీవాళ్ల అభిమానం, పోటీ లేకపోవడం. నడిబొడ్డులో నాలుగు తెచ్చుకోవడం దానికంటే కష్టం, పక్కనే పది హోటళ్లున్నాయి కాబట్టి. ఐదు నక్షత్రాల రివ్యూలూ, ఒకటివీ వదిలేసి మూడు నక్షత్రాలవి కొత్తవాటి నుంచి చదవండి. ఫలానాది బాగుంది, ఫలానాది బాగాలేదని విడమరిచి చెప్పేది వాళ్లే. ఫొటోలను తేదీ వరసన పెట్టి ఒకే వంటకం ఏడాది కింద ఎలా ఉంది, ఇప్పుడెలా ఉందో పోల్చితే పరిమాణం తగ్గిన సంగతి కళ్లకు కడుతుంది.

కొత్త హోటల్ని పరీక్షించాలంటే శివారులోనైతే బుధ, గురువారాల్లో రాత్రి ఏడున్నరకు వెళ్లండి. మిగులు అయిపోయి, వారాంతం రద్దీ ఇంకా మొదలు కాని రోజులవి. నడిబొడ్డులోనైతే మధ్యాహ్నం రద్దీ మొదలయ్యే అరగంట ముందు వెళ్లండి. మూడే తెప్పించండి: వట్టి అన్నమో రొట్టో, ఒక వేపుడు, గంటల తరబడి నిదానంగా ఉడకాల్సినది ఒకటి. మొదటిది శ్రద్ధను చెబుతుంది, రెండోది నూనెను, మూడోది ఓపికను. ఈలోగా గ్లాసు వాసన చూడండి. తడిగుడ్డ వాసనొస్తే గిన్నెలు కడిగే నీళ్లు మార్చడం లేదు. సాస్ సీసా మూత చుట్టూ ఎండిన పెచ్చు ఉంటే బల్లలు తుడిచేది పైపైనే. అలంకరణకు లోటు లేని నడిబొడ్డు హోటళ్లలో పైన పటారం లోన లొటారం ఎక్కువ, కాబట్టి ఈ రెండూ అక్కడ మరీ చూడాలి.

చాలాకాలం ఒకే చోట తినేవాళ్లకు అసలు చిక్కు ఏమిటంటే దిగజారుడు చాలాసార్లు నిశ్శబ్దంగా జరుగుతుంది. నడిబొడ్డులో మాస్టర్లు తరచూ మారుతుంటారు, రుచి ఒక్క రాత్రిలో మారిపోయి వెంటనే తెలిసిపోతుంది. శివారులో ఒకే మాస్టర్ ఏళ్లకేళ్లు ఉంటాడు, రుచి నిలకడగా ఉంటుంది. అతను సెలవు పెట్టిన రోజు మాత్రం ఉప్పు దగ్గర్నుంచి అన్నీ తప్పుతాయి. ఆ రోజేదో కనుక్కుని పెట్టుకోండి, అడిగితే చెబుతారు. పోటీ లేని చోట యజమాని పిసినారితనం మెల్లగా మొదలవుతుంది: ముందు టిష్యూ పలచబడుతుంది, తర్వాత ఉచితంగా వచ్చేదానికి డబ్బులు పడతాయి, ఆ తర్వాత ముక్కలు చిన్నవై గ్రేవీ పెరుగుతుంది. మూడో మెట్టు దాకా ఆగకండి. శివారులో యజమాని కౌంటర్లోనే ఉంటాడు. రద్దీ లేనప్పుడు వెళ్లి, బాగాలేదని ఊరికే అనకుండా, ఫలానా రోజు ఫలానా వంటకంలో ముక్కలు ఇన్నే ఉన్నాయని చెబితే వింటాడు, ఎందుకంటే మీరు మళ్లీ రావడం అతనికి అవసరం. నడిబొడ్డులో యజమాని దొరకడు. చెప్పాల్సింది సర్వర్ల మీద ఉండే క్యాప్టెన్‌కు, అదీ రెండు ముద్దలు తినగానే. సగం తిన్నాక చెబితే మార్చి ఇవ్వరు.